మట్టి కప్పిన కుప్ప

తనిఖీకి వచ్చిన మునిసిపాలిటీ ఆయన పెరట్లోని ఆకుల కుప్పని కర్రతో కెలికి, వంగి, చేతి వెనకవైపు కుప్పకు దగ్గరగా పెట్టి చూశాడు. పైన చల్లిన మట్టి చల్లగానే ఉంది. కర్ర ఇంకాస్త లోపలికి దించేసరికి సన్నటి పొగ లేచి ఆయన మొహం మీదికే వచ్చింది. ఇంటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఆరిపోయిందండీ. మట్టి కప్పాం కదా!"

"మట్టి కప్పితే ఆరదమ్మా. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నట్టు లోపల్లోపలే రాజుకుంటుంది. రోజంతా పొగ కక్కుతుంది. నీళ్ళు పోయాలి, కలిపి మళ్ళీ పోయాలి. చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా, అంటించిన మనిషి అక్కణ్ణించి కదలకూడదు."

నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పే మాటలివి. ఈసారి మాత్రం చివరి మాట అంటుంటే, పొద్దున తన పెరట్లో తను వెలగబెట్టి వచ్చిన నిర్వాకం కళ్ళముందు మెదిలింది.

ఇళ్ళ ఆవరణలో ఆకూ అలమూ తగలబెట్టుకోవాలంటే మునిసిపాలిటీ అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చేది ఈయనే. గోడకి ఎంత దూరం, కొమ్మకి ఎంత ఎత్తు, పక్కన నీళ్ళున్నాయా, గాలి ఎటు అన్నవి చూసి, అన్నీ సరిపోతే సంతకం పెడతాడు. కుప్పలో ప్లాస్టిక్ కవరు ఒక్కటి కనబడినా పెట్టడు. ఊరంతా ఆయన్ని పొగాయన అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, ఆయన పలుకుతున్నాడు కూడా. పొట్టి మనిషి. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, నిద్ర చాలనట్టు ఉంటాయి. కనుబొమలు సగం ఊడిపోయాయి. ముక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇంట్లో కూర మాడినా భార్య కేకేస్తే తప్ప తెలియదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరింట్లోనూ కాఫీ కూడా తాగలేదన్నది ఆయన గర్వం. నిజానికి ఆయనకి ఉన్న ఆస్తి కూడా అదొక్కటే.

గాలి చూడ్డానికి ఆయన పద్ధతి ఆయనది. చొక్కా జేబులోంచి తెల్లదారం ముక్క తీసి, రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి, అది ఎటు వాలితే గాలి అటు వెళ్తోందంటాడు. ఆ దారం ఇచ్చింది పక్కింటి టైలర్ మాస్టారు. చొక్కా కుట్టిందీ ఆయనే. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఒంటి మీది ఖాకీ అంతా ఆయన మిషను మీద నుంచి వచ్చిందే. నూలు దుమ్ము పీల్చీ పీల్చీ మాస్టారి ఊపిరితిత్తులు చెడిపోయి, మిషను మూలన పడ్డాక కూడా ఈయన చొక్కాలు మాత్రం మంచం మీద కూచుని చేత్తోనే కుట్టాడు. చేతికుట్టయినా వంకర ఉండేది కాదు.

ఆ మాస్టారి గది కిటికీ సరిగ్గా ఈయన పెరట్లోకే తెరుచుకుంటుంది.

భార్య కూతురి పురుడికి వెళ్ళింది. చెట్టు ఆకు రాల్చే కాలం కావడంతో పెరడు చీపురుకి లొంగడం లేదు. పొద్దున ఓ కుప్ప పోగేసి అంటించాడు. మంచుకి తడిసిన ఆకు మండలేదు, పొగమాత్రం వచ్చింది. ఆఫీసు టైమైపోతోంది. కుళాయిలో నీళ్ళు రావడం లేదు. బకెట్లో ఉన్నవి స్నానానికి చాలినన్ని. ఆ బకెట్ వంక, కుప్ప వంక చూశాడు. పారతో నాలుగు తట్టల మట్టి తెచ్చి కుప్ప మీద పోసి, శుభ్రంగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్కూటరెక్కాడు.

ఇవాళ కొత్తేం కాదు. ఈ కాలమంతా చేస్తున్నది ఇదే. అనుమతి లేదు. తన ఇంటికి తనే ఇచ్చుకునే వీల్లేదు, పై అధికారి వచ్చి చూసి ఇవ్వాలి. ఊళ్ళో అందరి పెరళ్ళకీ టేపు పట్టి కొలిచినవాడికి, తన పెరట్లో ఇంకొకడు టేపు పట్టడం నామోషీ అనిపించింది. వచ్చేవారం అడుగుదాంలే అనుకున్నాడు. ఆ వారం ఎన్నటికీ రాలేదు.

ఈ కాలం మొదట్లో మాస్టారు ఒక్కసారి గోడ పైనుంచి, నవ్వుతూనే అన్నాడు. "గాలి మా వైపు తిరిగినట్టుందండీ."

"ఎండాకులే కదా మాస్టారూ. చిటికెలో అయిపోతుంది."

కొలత తనే తప్పుగా తీసుకున్నట్టు మాస్టారు తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత కిటికీ మాత్రం తెరుచుకోలేదు.

మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ మూత తీసి పక్కన పెట్టాడు. ఫోను తీశాడు. మాస్టారి కూతురి నంబరు ఉంది. తండ్రిని చూసుకుంటూ ఇంట్లోనే ఉంటుంది. 'అమ్మా, గోడ మీంచి ఓ బకెట్ నీళ్ళు మా కుప్ప మీద పొయ్యి' అంటే చాలు, పెద్ద పనేం కాదు. కానీ ఆ ఒక్క ముక్క నోటితో అంటే, అనుమతి ఇచ్చేవాడే దొంగతనంగా తగలబెట్టాడని ఒప్పుకున్నట్టు. పైగా పక్క కుర్చీవాడు చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

"ఎవరికి పొగాయనా, అంత ఆలోచిస్తున్నావ్?"

"ఎవరికీ లేదు. టైం చూసుకుంటున్నా."

గోడ గడియారం ఆయన మొహానికెదురుగానే ఉంది. పక్క కుర్చీవాడు దానివంక ఓసారి చూసి తన ఫైలు ముందుకు లాక్కున్నాడు. ఈయన ఫోను జేబులో పెట్టుకుని క్యారేజీ మూత మళ్ళీ బిగించాడు.

ఇంటికెళ్ళి రావడానికి ఎంతోసేపు పట్టదు. వెళ్ళలేదు. మధ్యాహ్నం తనిఖీకే వెళ్ళాడు. అక్కడ ఒకతను అనుమతి లేకుండా, తడి ఆకులే తగలబెట్టి, కుర్చీ వేసుకుని కూచున్నాడు. పొగాయనకి ఒళ్ళు మండిపోయింది. అంత కోపం ఎందుకొచ్చిందో ఆయనకి తెలుసు.

"నీకు బుద్ధుందా? పక్కింట్లో మనుషులు ఊపిరి పీల్చుకోవాలా వద్దా?"

"పొరపాటైంది సార్. ఆర్పేస్తాను సార్."

ఆ మనిషి పరుగెత్తుకెళ్ళి నీళ్ళు పోశాడు. వెధవ, చెప్పగానే పోశాడు! అలవాటు కొద్దీ జేబులోంచి దారం తీసి వేలాడదీశాడు పొగాయన. అది వాలిన దిక్కు చూసి చెయ్యి కిందికి దించేశాడు. తన పెరట్లోంచి ఇప్పుడు గాలి ఏ కిటికీకి కొడుతోందో తెలియడానికి ఆయనకి ఇంక ఏ దారమూ అక్కర్లేదు.

సాయంత్రం వీధి మలుపులోనే మాస్టారి గుమ్మం ముందు చెప్పులు కనబడ్డాయి. ఎవరెవరివో, బోలెడు. స్కూటరు ఆపాడు. లోపల్నుంచి ఏడుపు పెద్దగా లేదు, ఎవరో మెల్లగా మాట్లాడుతున్నారు.

ఆయన అటు వెళ్ళలేదు. ముందు తన పెరట్లోకి వెళ్ళాడు. కుప్ప మీది మట్టి పగుళ్ళలోంచి సన్నగా, తీరిగ్గా, ఇంకా పొగ వస్తోంది. కుళాయి తిప్పితే ఇప్పుడు నీళ్ళొచ్చాయి. బకెట్లు మోసి మోసి పోశాడు, కలిపాడు, మళ్ళీ పోశాడు. చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా తగిలింది. రూలు ప్రకారం ఈ కాలమంతటిలో ఆయన ఆర్పిన నిప్పు ఇదొక్కటే. ఎవరైనా చూశారేమోనని గోడవైపు దిక్కులు చూస్తే, అంత సిగ్గులోనూ తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు సబ్బుతో కడుక్కుని, వాసన చూసుకుని, ముక్కు పనిచెయ్యదని గుర్తొచ్చి మళ్ళీ కడుక్కున్నాడు.

మాస్టారు మంచం మీద, మెడదాకా దుప్పటితో, ఎప్పటికన్నా చిన్నగా ఉన్నాడు. కూతురు లేచి ఈయనకి కుర్చీ జరిపింది.

"మధ్యాహ్నం భోజనం వద్దన్నాడు బాబాయ్. ఆయాసం ఎక్కువైంది. ఆటో పిలిచేలోపే అయిపోయింది. డాక్టరు ఎన్నాళ్ళనుంచో చెబుతూనే ఉన్నాడులే."

ఆయన కూర్చోలేదు. అడగకూడదనుకుంటూనే, "పొగ... ఏమైనా..." అన్నాడు.

"పొద్దుట్నుంచీ వస్తూనే ఉంది. గోడ మీంచి ఓ బకెట్ పోసేస్తాను నాన్నా అన్నాను. పొయ్యనివ్వలేదు. 'ఆయన రూలు తప్పే మనిషి కాదు, పర్మిషన్ లేకుండా అంటించడు. మనం వేలు పెట్టకూడదు' అన్నాడు." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నువ్వంటే అంత గురి బాబాయ్ నాన్నకి."

'లేదమ్మా, పర్మిషన్ లేదు.' మాట నోటిదాకా వచ్చింది. అందరూ ఆయన వంకే చూస్తున్నారు, గౌరవంగా. ఒకాయన లేచి చోటు కూడా ఇచ్చాడు. ఆ గౌరవాన్ని వదులుకోలేక, మోయలేక, తల దించుకుని కిటికీ దగ్గరకి జరిగాడు. ఊపిరాడనట్టు అనిపించి రెక్క తోశాడు. రాలేదు.

అప్పుడు చూశాడు. రెక్కకీ చట్రానికీ మధ్య సందు పొడుగునా గుడ్డచుట్ట ఒకటి కూరి ఉంది. ముక్కలు ముక్కలుగా అతికి, పొగ దూరకుండా లోపల దూది కూరి, వంకర లేని చేతికుట్టుతో కుట్టినది. కొత్త ఖాకీ, పాత ఖాకీ, వెలిసిన ఖాకీ, అన్నీ ఆయన చొక్కాలు కుట్టగా మిగిలిన ముక్కలే.