పూలమ్మ మూసిన బేరం

పుంగనూరు పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. దళారి తన తువ్వాలును అవతలివాడి చేతి మీద కప్పి, లోపల వేళ్లు పట్టుకుంటాడు. పట్టుకున్న ఒక్కో వేలికి ఒక్కో వెయ్యి. చుట్టూ వందమంది మూగినా ఎవరికీ ఏమీ తెలియదు. ధర నచ్చితే అవతలివాడు దళారి అయిదు వేళ్లనూ తన పిడికిట్లో బిగిస్తాడు. అంతే, బేరం అయిపోయింది. ఆ తర్వాత చెయ్యి వెనక్కి లాక్కున్నవాడితో సంతలో ఎవరూ కూర్చుని టీ కూడా తాగరు.

బైరప్ప ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ తువ్వాలు మీదే బతికాడు. ఇప్పుడు నాలుగు నెలల నుంచి దాన్ని చేతి మీద కప్పాలంటే అతనికి భయం. లోపల మూడో చెయ్యి ఉంటోంది.

మొదటిసారి అది రామసముద్రం వెంకటప్పతో ఎద్దుల జత బేరంలో వచ్చింది. బైరప్ప నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. అంతలో తన చేతి మీద ఇంకో చెయ్యి పడింది. బావినీళ్లలో నుంచి అప్పుడే తీసినట్టు చల్లగా ఉంది. అది తన వేళ్లను కదిపింది. వెంకటప్ప మొహం చిట్లించాడు.

"నాలుగంటావు, అయిదంటావు, మళ్లా మూడంటావు. ఏందన్నా నీ లెక్క? తాగొచ్చినావా?"

బైరప్ప తాగడు. తువ్వాలు మార్చి చూశాడు. సంతలో కొత్తది కొని, మడత విప్పకుండానే చేతి మీద వేసుకున్నాడు. అందులోకీ వచ్చింది. వారం వెనక వారం బేరాలు చెడిపోతూ వచ్చాయి. బైరప్పకు చేతులు వణుకుతున్నాయని, వయసైపోయిందని సంతలో అనుకున్నారు. బైరప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మూడో చేతికి చూపుడువేలు కొంచెం వంకర. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి తెగి, అతుక్కున్నాక అట్లా నిలిచిపోయిన వేలు. అది పూలమ్మ చెయ్యి.

పూలమ్మ అతని భార్య. పుట్టిల్లు కుప్పం పక్కన. ఆమె తమ్ముడు గోవిందప్ప క్వారీలో నల్లరాళ్లు లారీలకు ఎత్తించే పని చేసేవాడు. ఆ రాళ్లు మద్రాసు రేవుకు పోయి, ఓడలెక్కి, ఎక్కడెక్కడికో పోతాయని తమ్ముడు చెప్పిన రోజు నుంచి పూలమ్మకు ఒకటే పాట. మా ఊరి బండలు కూడా సముద్రం చూసినాయి, నేను చూడలేదు అని. ఆ మాటకు బైరప్ప నవ్వేవాడు. తర్వాత మదనపల్లెలో రాణి, మనుషుల్ని సముద్రం మీద తిప్పి తెచ్చే ఓడ సంగతి చెప్పింది.

రాణి కలకడ వైపు కూలోళ్ల ఇంటి పిల్ల. డిగ్రీ చదివి, బస్టాండు దగ్గర ట్రావెల్స్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది. తిరుమల బస్సుకు సీట్లు అడగడానికి పోయిన బైరప్ప, గోడ మీద ఓడ బొమ్మ చూసి దాని రేటెంత అన్నాడు. అప్పటికి అది వేళాకోళమే. రాణి మాత్రం ఓపిగ్గా చెప్పింది. మద్రాసు నుంచి మూడు రాత్రులు, తిండి అందులోనే. సెలవుల్లో రేటెక్కువ, వానల కాలంలో తక్కువ. కిటికీ లేని గది అన్నింటికన్నా చవక. గదులు నిండకపోతే ఓడ కదలబోయే ముందు రోజుల్లో రేటు ఇంకా దిగుతుంది.

ఆ చివరి మాట వినగానే బైరప్ప కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇది తనకు తెలిసిన సంతే. దూరం నుంచి పశువును తోలుకొచ్చినవాడు పొద్దున కొండెక్కి కూర్చుంటాడు. పొద్దు వాలితే దాన్ని మళ్లీ ఇంటికి నడిపించుకుపోలేక దిగొస్తాడు.

"ఓడ కదిలిపోయినాక ఖాళీ గదికి ఇలవేముండాదమ్మా. పొద్దు గుంకనీ" అన్నాడు రాణితో.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం ఎస్టీడీ బూతులో నుంచి రాణికి ఫోన్ చేసి రేటు అడగడం అతనికి అలవాటైపోయింది. సముద్రం మాటెట్లా ఉన్నా, ఆ బేరం రుచి పట్టుకుంది. రేటు నాలుగుసార్లు దిగింది. దిగిన ప్రతిసారీ పూలమ్మకు చెప్పి మురిసిపోయేవాడు. ఆమె రెండు కొత్త చీరలు సంచిలో సర్ది పెట్టుకుంది. ఒక్కటే కోరింది.

"కిటికీ ఉండే గదే తీసుకో. పండుకోని కండ్లు తెరిస్తే నీళ్లు కనపడాల."

ఓడ కదలడానికి వారముందనగా ఇద్దరూ మదనపల్లె పోయారు. ఎవరో మానుకోవడంతో కిటికీ ఉన్న గది ఒకటి ఖాళీ అయిందని, రేటు బాగా దిగిందని, రేపటికి ఉంటుందో ఉండదో చెప్పలేనని రాణి అంది. పరాయివాళ్ల ముందు పూలమ్మ నోరు విప్పదు. బైరప్ప భుజం మీద నుంచి జారి ఒళ్లో పడిన తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి, అతని అయిదు వేళ్లనూ పిడికిట్లో బిగించింది. పెళ్లైన కొత్తలో నవ్వుతాలుకు అతను నేర్పిన విద్య అది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని వాడింది ఆ ఒక్కసారే.

బైరప్ప చెయ్యి లాక్కున్నాడు.

"ఇంకో రెండు వేలు దిగుతాది, వారం రోజులుండాది గదా" అన్నాడు రాణితో.

తిరిగొచ్చే బస్సులో పూలమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పుంగనూరు దగ్గరికొచ్చాక, కిటికీలో నుంచి బయటికి చూస్తూనే అడిగింది.

"పిడికిలి మూసినాక లాక్కుంటారా ఎవరన్నా?"

గురువారం తెల్లవారుతుండగా ఆవు దగ్గర పాలకు కూర్చున్న పూలమ్మ, గుండె పట్టుకుని అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. శుక్రవారం మట్టి చేసి వచ్చి వాకిట్లో కూర్చున్నప్పుడు, ఫోన్ వచ్చిందని ఎదురింటివాళ్లు పిలిచారు. రాణికి సంగతి తెలియదు. గొంతు నిండా సంతోషంతో చెప్పింది.

"మీరన్నట్టే రెండు వేలు దిగిందప్పా. చేసేయమంటారా?"

నాలుగు నెలల తర్వాత బైరప్ప మళ్లీ రాణి ముందు కూర్చున్నాడు. కిటికీ ఉన్న గది, వచ్చే ఓడకే కావాలన్నాడు. సెలవులొచ్చాయి, రేటు మండిపోతోంది, నెల రోజులాగితే సగానికొస్తుందని రాణి చెప్పి చూసింది. అతను వినలేదు. గది రేటు ఇద్దరికి కట్టింది కాబట్టి ఒక్కరే పోయినా రెండో మంచానికీ కట్టాలని, ఆ మాట చెప్పడానికే సిగ్గుపడుతూ చెప్పింది.

"పర్లేదు లేమ్మా. ఇద్దరిమే" అన్నాడు బైరప్ప.

రాణి అతని పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసి, కంప్యూటర్ వైపు తిరిగింది.

కుప్పంలో రైలెక్కించడానికి గోవిందప్ప వచ్చాడు. ఒక్కడివే పోతూ రెండు సంచులెందుకు బావా అని అడిగాడు. రెండోదాంట్లో నుంచి చీర అంచు కనబడేసరికి దాన్ని తనే లోపలికి తోసి, సంచి జాగ్రత్తగా పైన పెట్టాడు.

ఓడలో గది చిన్నది. రెండు మంచాలు, వాటి మధ్య గుండ్రటి కిటికీ. రెండో రోజు మధ్యాహ్నం గది సర్దే మనిషి వచ్చి, అందరి గదుల్లో చేసినట్టే, తెల్లటి తువ్వాలును మడతలు పెట్టి ఒక జంతువు బొమ్మ చేసి ఖాళీ మంచం మీద పెట్టి పోయాడు. అది ఏనుగో కుందేలో. బైరప్పకు మాత్రం పొట్టి కాళ్ల పుంగనూరు దూడలాగా కనబడింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మడతలు విప్పి, చేతి మీద కప్పుకుని, ఆ చేతిని అవతలి మంచం మీదికి చాపాడు.

ఏమీ రాలేదు. ఓడ అడుగున యంత్రం అదురు ఒక్కటే చేతికి తెలుస్తోంది. అతను ఏ వేలూ కదపలేదు, ఏ ధరా చెప్పలేదు. చెయ్యి ఊరికే తెరిచి పెట్టాడు.

తర్వాత చల్లదనం వచ్చింది. మొదట ఆ వంకర వేలు. అది అతని వేళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూసింది, సంతలో పశువు పళ్లు చూసినట్టు. తర్వాత అయిదింటినీ కలిపి పిడికిట్లో బిగించింది.

ఈసారి బైరప్ప చెయ్యి లాక్కోలేదు. భోజనానికి పిలుపు వచ్చింది, పోలేదు. మోచేతి దాకా తిమ్మిరెక్కింది. వేళ్లు తనవో కావో తెలియకుండా పోయాయి. వదులుతుందో వదలదో కూడా తెలియదు. వదలకపోతే ఇట్లాగే ఉండిపోవాలనుకున్నాడు. కిటికీ నిండా నీళ్లు లేస్తూ దిగుతూ ఉన్నాయి.

"పండుకోనే సూడు పూలమ్మా. లేయాల్సిన పని లేదు" అన్నాడు.

ఎండ ఎర్రబడి నీళ్ల మీదికి వాలుతున్నప్పుడు ఆ పిడికిలి వదులైంది. ఒక్కో వేలూ తీసుకుంటూ, చివరికి వంకర వేలు కూడా పోయింది. బైరప్ప తువ్వాలు ఎత్తి చూశాడు. ఖాళీ మంచం మీద దుప్పటి, కిటికీ వైపు తిరిగి ఎవరో పడుకుని లేచినట్టు నలిగి ఉంది.

తర్వాతి వారం సంతకు వెంకటప్ప ఈనిన ఆవు కోసం వచ్చాడు. బైరప్ప అతని చేతి మీద తువ్వాలు కప్పాడు. లోపల రెండే చేతులు. నాలుగు వేళ్లు పట్టుకున్నాడు, నాలుగుగానే ఉన్నాయి. ఎవరూ కదపలేదు. వెంకటప్ప కాసేపు ఆలోచించి, నవ్వి, పిడికిలి బిగించి వదిలాడు.

బైరప్ప వదల్లేదు. తువ్వాలు కింద అతని వేళ్లు వెంకటప్ప చేతి మీద, పక్కన, అడుగున, దేనికోసమో తడుముతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బేరమైపోయిందన్నా" అన్నాడు వెంకటప్ప మెల్లగా. "సెయ్యి ఇడువు."