రెండో మాత్ర

నా ఉద్యోగమే అనుమానించడం. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాను. ఇరవై రెండేళ్ళుగా బస్సులెక్కుతున్నాను, దిగుతున్నాను, మనుషుల మొహాలు చదువుతున్నాను. డిపోలో నా వెనకాల నన్ను డేగమ్మ అంటారని తెలుసు. అననీ. తేదీ దిద్దిన పాసులు, వేరే ఇంకుతో మార్చిన అంకెలు, అక్క కార్డు మీద చెల్లెలి ప్రయాణాలు నెలకు నలభైకి తక్కువ కాకుండా పట్టుకుంటాను. తడబడేవాణ్ణి ఎవరైనా పట్టుకుంటారు. అడక్కముందే నవ్వుతూ పాసు తీసి చూపించేవాణ్ణి పట్టుకోవాలి, అదీ పనితనం.

మా ఆయన అదే డిపోలో డ్రైవరు. ఆయన్ని అందరూ బ్రేకు బాబాయి అంటారు. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డ ముసలమ్మ కూడా తూలదు. భర్త నడిపే బస్సును భార్య తనిఖీ చేయకూడదని డిపోలో నియమం ఉంది కాబట్టి పనిలో మాకు గొడవల్లేవు. ఉన్నవన్నీ ఇంట్లోనే.

ఈ ఏడాది డ్రైవర్ల వైద్య పరీక్షలో ఆయనకు పరగడుపున చక్కెర రెండు వందల అరవై ఉన్నట్టు తేలింది. రక్తపోటు కూడా ఎక్కువే. మూడు నెలలు గడువిచ్చారు. ఈలోగా తగ్గకపోతే సీటు మీంచి దింపేసి, యార్డులో బస్సులు కడిగే పనిలో వేస్తారు. ఆ సాయంత్రం ఆయన బూట్లు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"స్టీరింగు లేకపోతే నేనెవర్నే?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే తిట్టై బయటికొస్తుంది. "ముందు నోరు కట్టుకో. తర్వాత ఎవరివో చూద్దాం," అన్నాను.

డిపో ఆసుపత్రి డాక్టరమ్మ చక్కెరకు రోజూ పొద్దున రెండు మాత్రలు వేసుకోమని రాసింది. దాంతోపాటు తిండి మొత్తం మార్చమంది. మాంసం, గుడ్లు, పాలు, వేపుళ్ళు, తెల్ల పిండి, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్ళు మానేయాలి. పొట్టు తీయని గింజలు, పప్పులు, చిక్కుళ్ళు, ఆకులు, కూరగాయలు, పళ్ళు మాత్రం కడుపు నిండా తినొచ్చు. మొక్క నుంచి వచ్చింది వచ్చినట్టు తింటే అందులోని పీచు వల్ల చక్కెర రక్తంలోకి మెల్లగా దిగుతుందనీ, ఒంట్లో కొవ్వు తగ్గినకొద్దీ మందు అవసరం కూడా తగ్గవచ్చనీ, కానీ వారం వారం వచ్చి చూపించుకోవాలనీ చెప్పింది. ఆ తిండిలో దొరకని విటమిన్ కోసం బి పన్నెండు బిళ్ళ కూడా రాసింది. నేను పక్కనే కూర్చుని అంతా విన్నాను. ఒక్క ముక్క నమ్మలేదు.

"ఆకులు తిని ఒళ్ళు బాగుపడితే మేకలకు డాక్టర్లెందుకు?" అన్నాను బయటికొచ్చాక.

"మేకలకు చక్కెర జబ్బు ఎక్కడైనా విన్నావా?" అన్నాడాయన. ఆ రోజుకు ఆయనదే పైచేయి.

మాత్రలు నా బీరువాలో పెట్టి తాళం వేశాను. దానికి కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నానని రోజూ చెబుతూ, వాటిని కిటికీలో ఉన్న మొక్క కుండీలో పాతిపెట్టిన మనిషి ఈయన. మొక్క చచ్చిపోయేదాకా నాకు తెలియలేదు. అందుకని రోజూ పొద్దున రెండు మాత్రలు అరచేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేదాన్ని.

వంట ఆయనే మొదలుపెట్టాడు. రాత్రి చిక్కుడు గింజలు నానబెట్టడం, తెల్లారి లేచి ఉడకబెట్టడం, గిన్నెడు ఆకుకూర తరగడం. ఉల్లిపాయను నూనె లేకుండా చెమ్మతో ఎలా మగ్గించాలో నాకు పాఠం చెప్పబోయాడు.

"నా దగ్గర నీ పప్పులు ఉడకవు," అన్నాను.

"కుక్కర్లో ఉడుకుతున్నాయిలే," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వే నాకు పడలేదు. నలభై ఏళ్ళు వేపుడు లేనిదే ముద్ద దిగని మనిషి, ఒక్క రోజు కూడా సణగకుండా గింజలు నములుతున్నాడంటే ఎక్కడో ఏదో నడుస్తోందన్నమాట. చొక్కాలు వాసన చూశాను. చెత్తబుట్ట వెతికాను. క్యాంటీన్ అతన్ని నిలదీశాను.

"బాబాయి నీళ్ళు తప్ప ఏమీ ముట్టడం లేదమ్మా. ఆ డబ్బా తెచ్చుకుంటున్నాడు, అదే తింటున్నాడు," అన్నాడతను.

"ఎంతిచ్చాడు నీకు, ఈ మాట చెప్పడానికి?" అన్నాను. అతను దణ్ణం పెట్టి లోపలికి పోయాడు.

నెల తిరిగేసరికి ఆరు కిలోలు తగ్గాడు. బెల్టుకు కొత్త చిల్లు పడింది. గురక ఆగిపోయింది. గురక లేని ఇంట్లో నాకు నిద్ర పట్టక, ఊపిరి తీస్తున్నాడో లేదో అని లేచి చూసేదాన్ని. వేలికి సూది పొడిచి చూసే చిన్న మిషనులో పొద్దున చక్కెర నూట నలభైకి, ఆ తర్వాత నూట పదికి వచ్చింది. మిషను చెడిపోయిందనుకుని నా వేలు పొడుచుకున్నాను. నాకు నూట ముప్పై చూపించింది. ఇక అనుమానమే లేదు, మిషను చెడిపోయింది.

ఏడో వారం సోమవారం ఆయన ఆసుపత్రి నుంచి చీటీ తెచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఒక మాత్ర తగ్గించేసిందే! ఇక పొద్దున ఒక్కటే."

చీటీ తీసుకుని వెలుతురులో పెట్టి చూశాను. చీటీ అంతా నల్ల ఇంకుతో ఉంది. మాత్రల దగ్గర నల్లటి రెండును కొట్టేసి, పక్కన నీలం ఇంకుతో ఒకటి రాసి ఉంది. ఇలాంటివి నెలకు నలభై చూసేదాన్ని నేను. ఒళ్ళు మండిపోయింది.

"నా చెవిలోనే పువ్వు పెడతావా?"

"అయ్యో, పాత మోతాదు రాసేసి, మిషను చూశాక దిద్దిందే. ఈలోగా ఆవిడ పెన్ను ఆగిపోయింది. నా పెన్నుతో దిద్దింది."

"పెన్ను సరిగ్గా అక్కడే ఆగిపోయిందా?"

"ఫోన్ చేసి అడుగు."

"ఎందుకూ, ఆవిడకు ముందే చెప్పి ఉంచావు కదా! శుక్రవారం నాకు సెలవు. నేనే వచ్చి మొహం మీద అడుగుతాను. అప్పటిదాకా రెండూ వేసుకో."

ఆయన పెద్దగా అరిచి ఉంటే బాగుండేది. ఆయనకు అరవడం రాదు. "సరే, నాలుగు రోజులే కదా," అన్నాడు. మర్నాడు పొద్దున చెయ్యి చాపాడు. నేను రెండు మాత్రలు పెట్టాను. నాలుక ఎత్తించి చూశాను.

మంగళవారం సాయంత్రం వచ్చేసరికి చొక్కా తడిసిపోయి ఉంది. "చేతులు వణుకుతున్నాయే," అన్నాడు. బుధవారం కూడా అంతే. "ఆ గడ్డి తింటే వణకవూ? పంతానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకో!" అన్నాను. ఆకులదే తప్పని తేలిపోయినట్టు నాకు లోలోపల సంతోషం కూడా వేసింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, వేసిన మాట నిజం.

గురువారం పొద్దున ఆయన ప్యాంటు మడత పెడుతుంటే జేబులో చక్కెర బిళ్ళలు దొరికాయి. ఐదు. రంగు కాగితాల్లో చుట్టినవి. దొంగ దొరికితే కలిగే సంబరం నాకు కొత్త కాదు, కానీ ఆ పొద్దున కలిగినంత ఎప్పుడూ కలగలేదు.

"దొరికావయ్యా! ఏడు వారాలకు దొరికావు!"

"అవి డాక్టరమ్మే పెట్టుకోమంది. చెమటలు పట్టి వణుకొస్తే వెంటనే నోట్లో వేసుకోమంది. చక్కెర మరీ పడిపోతే ప్రమాదమట."

"ఆహాహా! చక్కెర జబ్బుకు చక్కెరే మందు! ఈ ముక్క ఏ బస్సులో నేర్చుకున్నావు?"

ఐదూ తీసుకెళ్ళి వీధి చెత్తకుండీలో పారేశాను. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుని, ఆ రెండు మాత్రలూ మింగి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

దారిలో మళ్ళీ కొనుక్కుంటాడని నాకు గట్టి నమ్మకం. కళ్ళారా చూడాలి. నాతో పనిచేసే ఇంకో ఇన్‌స్పెక్టరుతో నాకు కాలు నొప్పని అబద్ధం చెప్పి రూటు మార్చుకున్నాను. భర్త బస్సు తనిఖీకి ఎక్కకూడదన్న నియమాన్ని ఇన్నేళ్ళలో మొదటిసారి తప్పాను. పదకొండు దాటాక మూడో స్టాపులో, జనంతో కలిసి వెనక తలుపు నుంచి ఎక్కి, పొడుగాటి మనిషి వెనకాల నిలబడ్డాను.

డ్రైవరు ముందున్న అద్దంలో ఆయన మొహం కనిపిస్తోంది. చెమట కారుతోంది. మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు. తర్వాతి స్టాపు దాటించి, బస్సు పొడవంత ముందుకు తీసుకెళ్ళి ఆపాడు. బ్రేకు బాబాయి స్టాపు దాటించడమా! కండక్టరమ్మాయి కూడా తిరిగి చూసింది. బస్సు మళ్ళీ కదిలింది. నెమ్మదిగా, ఓ పక్కకు లాగుతున్నట్టు పోతోంది.

తాగాడు, అనుకున్నాను.

పుస్తకం తీసి సమయం రాసుకున్నాను. స్టాపు పేరు రాసుకున్నాను. జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచాను. నేను చేరేలోపే ఆయన బస్సును అంచుకు తెచ్చి, ఎవరూ తూలకుండా ఆపి, ఇంజను కట్టేసి, చేతి బ్రేకు లాగి, తలుపులు తెరిచాడు. అవన్నీ వరస తప్పకుండా చేశాడు. చేశాక తల స్టీరింగు మీద వాలిపోయింది.

అప్పుడు నేను ముందుగా చేసిన పని ఏమిటో చెబుతాను. ఆయన మొహం ఎత్తి, నోరు వాసన చూశాను.

మెంతి వాసన వచ్చింది. అంతే. పొద్దున తిన్న ఆకు.

"ఏమయ్యా! ఏమయ్యా!" అని అరిచాను. కళ్ళు సగం తెరిచి నా వంక చూశాడు. నేనెవరో పోల్చుకోలేదు.

"తప్పుకోండి మేడమ్, చక్కెర పడిపోయింది. మా అమ్మకూ ఇంతే," అంది కండక్టరమ్మాయి. ఎవరి సంచిలోంచో పళ్ళరసం సీసా వచ్చింది. మింగగలుగుతున్నాడని చూసుకుని, ఆ పిల్ల గుక్క గుక్కగా తాగించింది. నేను పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలకు ఆయన నన్ను గుర్తుపట్టాడు. "నువ్విక్కడ ఎందుకున్నావే?" అన్నాడు.

ఆసుపత్రిలో చూస్తే, అంత రసం తాగాక కూడా అరవై నాలుగే ఉంది. "ఒక్క మాత్రే కదా రాశాను?" అంది డాక్టరమ్మ.

"మీరే దిద్దారా?"

"నా పెన్ను ఆగిపోతే ఆయన పెన్ను తీసుకుని దిద్దాను. ఏం?" ఆవిడ నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మీ ఆయన తిండి బాగా పనిచేసిందమ్మా. అందుకే పాత మోతాదు ఎక్కువైపోయింది. వచ్చే వారం ఆ ఒక్కటి కూడా ఆపేద్దామనుకుంటున్నాను."

నాకు తల తీసేసినట్టయింది.

అయితే అసలు కష్టం అప్పుడు మొదలైంది. స్టీరింగు మీద స్పృహ తప్పిన డ్రైవరును మళ్ళీ సీటెక్కించరు. జబ్బు వల్లో తన తప్పు వల్లో కాదు, వేరొకరి పొరపాటు వల్ల జరిగిందని రుజువైతేనే ఎక్కిస్తారు. ఆ సమయంలో బస్సులో ఉన్న ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాయాలి. ఆ ఇన్‌స్పెక్టరును నేనే.

సాయంత్రం డిపోలో కూర్చుని రాశాను. కారణం అన్నచోట, డాక్టరు తగ్గించిన మందును నేను నమ్మక పాత మోతాదే వేయించానని రాశాను. దగ్గరుంచుకోమన్న చక్కెర బిళ్ళలు నేనే పారేశానని రాశాను. కాలు నొప్పని అబద్ధం చెప్పి ఆ బస్సు ఎక్కానని కూడా రాశాను. ఏది దాచినా మిగతాదీ అబద్ధమనిపిస్తుందని మొత్తం రాశాను.

డిపో మేనేజరు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, మిమ్మల్ని నేను అర్థం చేసుకోగలను."

"ఏమిటండీ అర్థం చేసుకునేది?"

"ఆయన సీటు పోతుందని తప్పంతా మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఏ భార్యయినా అదే చేస్తుంది."

"కాదండీ, నిజంగా నేనే! డాక్టరమ్మను అడగండి."

"ఒకటే రాశానని ఆవిడ చెబుతారు. ఇంట్లో రెండు వేసుకున్నది ఆయన మరుపో మీ బలవంతమో ఆవిడకేం తెలుసు? మీరు చెప్పాలి, లేదా మీ ఆయన చెప్పాలి. ఇద్దరూ ఒకే ఇంటి సాక్షులు. ఇరవై రెండేళ్ళు తనిఖీ చేశారు కదా, ఇలాంటి సాక్ష్యం మీ దగ్గరికొస్తే మీరు నమ్ముతారా?"

నమ్మను. నవ్వి పుస్తకంలో రాసుకుంటాను.

ఆరు నెలలు యార్డు అని ఉత్తర్వు ఇచ్చారు. ఆ తర్వాత మళ్ళీ చూస్తారట. మూడు నెలల గడువు నాటి పరీక్షలో ఆయన చక్కెర మాత్రల్లేకుండా తొంభై ఎనిమిది. రక్తపోటూ తగ్గింది. డిపో డ్రైవర్లందరిలో ఆయనవే మంచి అంకెలని డాక్టరమ్మ చెయ్యి కలిపింది. చెయ్యి కలుపుకుని, ఆయన యార్డుకు వెళ్ళి బస్సులు కడిగాడు.

ఉత్తర్వు వచ్చిన రోజు ఇంటికి చేరేసరికి ఆయన పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు, ఉడికిన గింజలు, ఆకుకూర. నన్ను చూడగానే తెలిసిపోయింది.

"నమ్మలేదా?"

"లేదయ్యా. ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రమాణం చేస్తానన్నాను. ఎంత చెబితే అంత అనుమానంగా చూశాడు. నిజం చెబుతున్నా నమ్మకపోతే ఇలా ఉంటుందా?"

ఆయన తినడం ఆపాడు. దెప్పుతాడనుకున్నాను. దెప్పితే పడడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఇలాగే ఉంటుంది," అన్నాడు మెల్లగా.

నేను వంటింటి గట్టు పట్టుకుని ఏడ్చాను. ఈసారి తిట్టు రాలేదు, ఉత్త ఏడుపే వచ్చింది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, తడి చేతులతోనే నా భుజం పట్టుకుని, "నేను నమ్ముతున్నాను కదే," అన్నాడు.