రంగంటని చేతులు

చిట్కుల్‌లో పెద్దరాములు చేతులు చూస్తే చాలు, పటాన్‌చెరు అద్దకం కార్ఖానాలో ఆ రోజు ఏ రంగు నడిచిందో వాడకట్టంతా చెప్పేసేది. కార్ఖానా వెనక కుంటదీ అదే రంగు. బర్రెలు వాసన చూసి వెనక్కి తిరిగేవి. నీలం చేతులతో పెళ్లికెళితే భోజనాల వరసలో అతని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. దురదకు గోక్కుంటుంటే, పని చేసే చేతులు అట్లనే ఉంటాయని భార్య నర్సింహమ్మ గొప్పగా చెప్పుకునేది. ఇలాంటి గొప్పలు మనకూ అలవాటే కదా!

అలాంటి మనిషి ఒక సోమవారం శుభ్రమైన చేతులతో ఇల్లు చేరాడు. మంగళవారమూ అంతే. బుధవారం నర్సింహమ్మ కంచం పెట్టలేదు. పని పోయిందని, ఆ సంగతి దాచి ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దు పుచ్చుతున్నాడని తేల్చేసింది. ఇప్పుడు బంతిపూలతో రంగేస్తున్నామని, చేతులు కడిగితే పోతోందని అతను మొత్తుకున్నాడు.

"పూలతోని రంగేస్తరా? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా?" అంది.

గురువారం పెద్దరాములు చేతులు కడుక్కోలేదు సరికదా, ఇంకాస్త రసం పూసుకుని మరీ వచ్చాడు. నర్సింహమ్మ మొహం వెలిగింది. వేడివేడి జొన్నరొట్టె పెట్టింది. ఆకలిమీద ఒళ్లు మరిచి అతను చెంబెడు నీళ్లతో చేతులు కడిగాడు. పసుపు రంగంతా పోయింది.

"ఇరవై ఏండ్ల సంది సబ్బుకు పోని రంగు, ఇయ్యాల చెంబు నీళ్లకు పోయిందేంది?" అంటూ రొట్టె వెనక్కి తీసేసుకుంది. పాపం, నిజం చెప్పినా పస్తే, అబద్ధమాడినా పస్తే.

తెల్లారి ఆమె కార్ఖానాకే వచ్చింది. రంగుల పని చూసే అరుణ మేడం నవ్వాపుకుని అంతా చూపించింది. కరక్కాయ, పటిక పట్టించిన నూలు బట్టను బంతిపూల రంగు వదలదట. ఆకురసం సాయంతో చేసిన వెండి రేణువులు, కంటికి కనిపించనంత సన్నవి, బట్టకు పట్టిస్తే చెమట వాసన రానివ్వవట. మిగిలిన నీళ్లు బయటికి వదలకుండా వడగట్టి మళ్లీ వాడతారట. నర్సింహమ్మ మాటలు నమ్మే రకం కాదు. ఒక ముక్క అడిగి తీసుకుని, సబ్బు పెట్టి బండమీద ఉతికి ఉతికి అలసిపోయింది. నీళ్లకు రంగు రాలేదు.

"మరి ఈయన చేతికెందుకు నిలువలే?"

"ఆయన చేతికి కరక్కాయ పట్టియ్యలేదు గదమ్మా."

అందరూ నవ్వారు. నర్సింహమ్మ భర్త చేయి తిప్పి చూసింది. దురద పుండ్లు మానుముఖం పట్టాయి. పెళ్లయిన కొత్తలో చూసిన అరచేతి గీతలు మళ్లీ కనిపించాయి. ఇన్నేళ్లూ ఆ మరకలు చూసి మురిసినందుకు ఆమె గుండె కలుక్కుమంది. కొంగున కట్టుకొచ్చిన రొట్టె విప్పి ఆ చేతిలో పెట్టి, అరుణతో అంది:

"రంగు బట్టకంటాలె గని మేడం, చేసెటోని చేతికి, ఊరి కుంటకు ఎందుకంటాలె?"