బొటనవేలు చెప్పిన లెక్క

నాది సైకిలు రిపేరు షాపు. ముప్ఫై ఏళ్లుగా టైరులో గాలి చాలిందో లేదో బొటనవేలితో నొక్కి చెబుతున్నాను. మీటరు పెట్టి అంకెలు చూసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. పని రానివాడికే ఆ సోకులన్నీ అనేవాణ్ణి. ఆ పొగరే కొంప ముంచింది. నాది మునిగితే పీడా పోయేది, నా కూతురిది ముంచింది.

చిన్నప్పుడు దాన్ని అందరం స్ప్రింగు అని పిలిచేవాళ్లం. ఒక్కచోట కాలు నిలిచేది కాదు. నేను బాగుచేసిన సైకిలు తొక్కుకుంటూ పోయి గిరాకీవాళ్లకు అప్పగించి, పరుగెత్తుకుంటూ తిరిగొచ్చేది. ఆ చెమటతోనే షాపు వెనకున్న ఈతకొలనులో దూకేది. కాపలావాడు నెత్తి బాదుకునేవాడు. ఈత, సైకిలు, పరుగు ఆగకుండా వరసగా చేసే పోటీ ఒకటుందని కోచ్ మేడమ్ వచ్చి చెబితే, "అదీ ఒక పోటీయేనా, మా దానికి రోజూ ఉన్న పనే కదా!" అన్నాను.

పద్నాలుగేళ్లు చచ్చీచెడీ కష్టపడింది. ఇరవై ఎనిమిదో ఏట దేశం తరఫున బయటి దేశంలో పోటీకి వెళ్లింది. వెంట నేనూ వెళ్లాను. మొదటి పదిమందిలో వస్తే జట్టులో ఉంటుంది, లేకపోతే ఆ చోటు చిన్నవాళ్లకు పోతుంది. కోచ్ మేడమ్ ఆ మాట మొహం మీదే చెప్పింది.

ఆ ఉదయం వణికించే చలి. కంచె బయట సైకిలు నా చేతికిచ్చి అది జుట్టు ముడేసుకుంటోంది. నా బొటనవేలు ఊరుకుంటుందా? నొక్కాను. మెత్తగా తగిలింది.

"గాలి తక్కువుందే."

"మేడమ్ మీటరు పెట్టి కొట్టారు నాన్నా. వదిలెయ్."

"నాకే చెబుతావా? సైకిలు సంగతి నేను చూసుకుంటా, తొక్కే సంగతి నువ్వు చూసుకో."

చిన్నప్పట్నుంచీ నా పాట అదే. చేతులకు గ్రీజెందుకని దాన్ని ఏనాడూ పానా ముట్టుకోనివ్వలేదు. అది నవ్వి ఊరుకుంది. టైరు రాయిలా అయ్యేదాకా పంపు కొట్టాను.

ఈత కొట్టాల్సిన సరస్సు మీద పొగమంచు పట్టి పోటీ గంట ఆలస్యమైంది. ఈలోగా ఎండ చుర్రుమంది. సైకిళ్లన్నీ కంచె లోపల స్టాండు మీద ఎండుతున్నాయి. పిల్లలు నీళ్లలో ఉండగా ఢామ్మని ఒక టైరు పేలింది. "ఎవడో సన్నాసి గాలి దట్టించాడు!" అని పక్కవాడితో అని పకపకా నవ్వాను.

నా కూతురు అయిదోదిగా ఒడ్డుకొచ్చింది. గొంతు పోయేలా అరిచాను. అది సైకిలు అందుకుని రెండడుగులు నడిపించి ఆగిపోయింది. వెనక టైరు నేలకంటుకుని ఉంది.

సీటు కింద వేరే ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు నేనే కట్టి పెట్టాను. తీసింది. లీవరు ఎటు పట్టుకోవాలో దానికి తెలీదు. నా చేతులకది మూడు నిమిషాల పని. కానీ బయటివాళ్లు చెయ్యేస్తే పోటీలోంచి తీసేస్తారు.

"నాన్నా, ఎటువైపు నుంచి లేపాలి?"

నేను నోరు తెరిచాను. కంచె దగ్గరున్న అధికారి నోటి మీద వేలు పెట్టుకుని చూపించాడు. మాట సాయమైనా సాయమేనట. కంచె పట్టుకుని మూగవాడిలా నిలబడ్డాను. వెనకొచ్చినవాళ్లందరూ ఒక్కొక్కరే సైకిళ్లెక్కి వెళ్లిపోయారు. గోళ్లు విరిగి నెత్తురొచ్చేలా అది ఒక్కతే పెనుగులాడి, పదకొండు నిమిషాలకు బయల్దేరింది. కాసేపటికే ముందున్నవాళ్లు ఒక చుట్టు పూర్తిచేసి తిరిగొచ్చి దాన్ని దాటేశారు. అలా దాటితే పోటీలో ఉండనివ్వరు. పరుగు దాకా రాకుండానే ఆపేశారు.

ఏమైందని మేడమ్ అడిగితే, "ట్యూబు పాతదండీ" అంది. నా వంక చూడలేదు. నేనూ నోరు విప్పలేదు, సిగ్గులేనివాణ్ణి.

దాని చోటు ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయికిచ్చారు. నా కూతురు ఇప్పుడు నా షాపులోనే కూర్చుంటుంది. ఓసారి ఉండబట్టలేక, "నన్ను నాలుగు తిట్టవే తల్లీ" అని బతిమాలాను.

"తిడితే ఏమొస్తది నాన్నా" అంది.

ట్యూబు మార్చడం నాకంటే వేగంగా నేర్చుకుంది. ఒక మీటరు కొనుక్కుంది. అంకె చూసి పంపు ఆపేస్తుంది. నిన్న అది గాలి కొట్టిన టైరు మీద అలవాటుకొద్దీ బొటనవేలు పెట్టబోయాను.

"ముట్టుకోకు నాన్నా" అంది, మెల్లగానే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.