తల్లి కదిలిన ఫొటో

దశరథ పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తూ తలెత్తి చూస్తే, గుమ్మంలో అనంతమ్మ నిలబడి ఉంది.

ఇబ్రహీంపట్నం డిపో ఎదురుసందులో ఆ స్టూడియో పెట్టి ముప్పై ఏడేళ్ళు. పెళ్ళిళ్ళు ఎవరైనా తీస్తారు. శవాన్ని తీయాలంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నీ దశరథకే కబురు పెట్టేవి. బతికుండగా ఒక్క ఫొటో అయినా దిగని మనుషులాయె! కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు తువ్వాలు కట్టి, చుట్టూ ఇంటివాళ్ళను నిలబెట్టి తీసేవాడు. కడిగిన ఫొటో మీద సన్నని కుంచెతో కళ్ళు తెరిపించేవాడు. పనికి అతనే కావాలి. పండుగ పూట ఎదురొస్తే మాత్రం మొహం తిప్పుకునేవాళ్ళు.

"అన్నా, మా పిలగాని ఫొటోను చెదలు తిన్నయ్. ఇంకోటి తీసియ్యి," అంది అనంతమ్మ, చేతిలోని కాగితం పొట్లం బల్ల మీద పెట్టి కూర్చుంటూ. "గదొక్కటే ఉండె."

మూడేళ్ళ పిల్లాడు, పాతికేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. ఆమె ఒళ్ళోనే పెట్టి తీశాడు.

దశరథ చేతిలో కత్తెర ఆగిపోయింది. నెగెటివ్‌లన్నీ పోయిన నెలలోనే మీర్‌పేట్ తిరుమల్‌కు ఇచ్చేశాడు. ఇలాంటి పాత ఫొటోలు పోగుచేసే పిచ్చి తిరుమల్‌ది. "నీది మామూలు చెయ్యి కాదన్నా, కళ" అన్నాడు. జన్మలో మొదటిసారి ఆ మాట విన్న దశరథ ఉబ్బి తబ్బిబ్బయి, పెట్టెలు తానే మోసి కారులో పెట్టాడు. ఇంకెవరొస్తారులే అనుకున్నాడు, పిచ్చి మహరాజు.

ఫోన్ చేశాడు.

"గా పిలగాండ్లయా? చానావాట్ల తల్లులు కదిలిన్రన్నా, మసకగున్నయ్. మంచియి ఏరుకొని, కదిలినయి పారేసిన," అన్నాడు తిరుమల్.

కదలక ఏం చేస్తుంది, తల్లి! పిలగాడు కదల్లేదు గదరా అని అరుద్దామనుకున్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"లేదు చెల్లె. నేనే పోగొట్టిన."

ఆమె తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది.

"మొఖం మర్సిపోతున్ననన్నా. నువ్వు దగ్గరికెల్లి సూసినవ్ గద, కండ్లు గూడ నువ్వే దిద్దినవ్. ఎట్లుండె, జర చెప్పు."

ఎన్ని వందల కళ్ళు దిద్దాడు! అన్నీ ఒక్క తీరుగానే దిద్దాడు. ఎంత వెతుక్కున్నా ఆ పిల్లాడి మొహం దొరకలేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"పోనీలే," అని ఆమె లేచి బస్సుకు వెళ్ళిపోయింది.

బల్ల మీద ఆమె మరిచిన కాగితం పొట్లం ఉంది. విప్పాడు. కొత్త ఫొటో ఫ్రేము. అద్దం వెనక, తయారుచేసినవాళ్ళు పెట్టిన ఎవరి పిల్లాడిదో రంగుల బొమ్మ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.