అక్క పొలంలో గట్టిపొర

ఏటా కోతలయ్యాక తమ్ముడు ట్రాక్టరుతో వచ్చి అక్క పొలం దున్నిపెట్టేవాడు. మూడు రోజులుండేవాడు. మిగతా కాలమంతా ఊరూరా తిరిగి దున్నే మనిషి. ఆ మూడు రోజులే ఆమెకు దక్కేవి. అతను వెళ్లాక వారం దాకా ఇల్లు బావురుమనేది.

ఈసారి ట్రాక్టరు చప్పుడు విని ఆమె పొలానికి వెళ్లేసరికి, అతను నాగలి దించకుండా మొక్కజొన్న మోళ్ల మధ్య గొయ్యి తవ్వుతున్నాడు.

"వచ్చీ రాగానే గొయ్యేమిట్రా? నన్ను పాతేయడానికా?"

"నీ నోటికి ఇది చాలదులే. వంగి చూడు."

జానెడు లోతు దాకా నిలువుగా దిగిన వేళ్లు, అక్కడ ఒక్కసారిగా పక్కకు తిరిగి చాపలా అల్లుకున్నాయి. వాటి కింద మట్టి పలకలా బిగుసుకుపోయింది.

"ఏటా ఒకే లోతున దున్ని, చక్రాలతో తొక్కి, నేనే చేశానక్కా ఈ పొర. పైన గుల్ల, కింద బండ. నీళ్లు ఇంకమంటే ఎలా ఇంకుతాయి?"

తర్వాత ట్రాక్టరు తిరగని మూలకు తీసుకెళ్లి, ఇనుప ఊచ నేలలో గుచ్చి నొక్కాడు. మోచేతి లోతు దిగింది.

"ఇక్కడ నాగలి పడి ఇరవై ఏళ్లు. కుళ్లిన వేళ్ల దారులు, వానపాముల బొరియలు చెక్కుచెదరలేదు. ఇక దున్నొద్దు. మోళ్లు ఉంచేసి, వాటి మధ్యే గింజ వేయించు."

అక్క ట్రాక్టరు వంక చూసింది. దున్నేది లేకపోతే వీడెందుకు వస్తాడు?

"కుదరదు. దున్ను."

"దున్నేవాడే వద్దంటుంటే నీకేం పట్టిందే?"

"దున్నకపోతే నేల ఇంకా గట్టిపడదూ?"

"మొదటి రెండేళ్లూ పైపైన గట్టిగానే ఉంటుంది. అబద్ధమెందుకు చెప్పాలి? తర్వాత వేళ్లే దారి చేసుకుంటాయి."

"చూశావా! నువ్వే ఒప్పుకున్నావు!" అంది. "అయితే వచ్చే ఏడు రావన్నమాట."

చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఏం చేయాలో తోచక అక్క మీద కసిరాడు.

"నీ మూడెకరాలు నాకు ఒక్క పూట పని. మిగతా రెండున్నర రోజులూ ఇక్కడేం చేస్తున్నాననుకున్నావు?"

ఆమె ఆలోచించింది. మంచం మీద వెల్లకిలా పడి కబుర్లు చెప్పడం, వండినదానికి వంకలు పెడుతూనే రెండోసారి వడ్డించుకోవడం. పని అన్నది ఏదీ గుర్తుకు రాలేదు.

"మరి ఇంకా ఆ బండినెందుకు పొలంలో నిలబెట్టావు?" అంది కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నేలంతా తొక్కి చంపుతోంది. తియ్యి!"

కొత్త నేల తొక్కకుండా, వచ్చిన జాడల్లోనే ట్రాక్టరును అతను వెనక్కి నడిపాడు. చక్రం పక్కకు జరిగినప్పుడల్లా అక్క వెనకనుంచి తిడుతూ దారి చూపించింది.