మంగళవారం గడ్డాలు

అప్పాజీ సాన రాయి మీద నాలుగు నీటిచుక్కలు చల్లి రెండో కత్తి అందుకున్నాడు. సెలూన్ తలుపు ఒక రెక్కే తీసి ఉంది. మంగళవారం మండపేటలో ఏ మంగలీ కత్తెర ముట్టడు. ముట్టాడని తెలిస్తే సంఘం పెద్దలు ఇంటికొచ్చి మరీ చీవాట్లు పెడతారు. ఆ రోజు కత్తులు నూరుకోవడం, తువ్వాళ్ళు ఉతుక్కోవడం, కుర్చీకి నూనె పెట్టడం, అంతే. అప్పాజీ పొట్టి మనిషి. ముప్ఫయ్యేళ్ళు జనం మీదికి వంగీ వంగీ నడుము ఆ వంపులోనే ఉండిపోయింది. వేళ్ళు మాత్రం ఆడపిల్ల వేళ్ళలా మెత్తగా ఉంటాయి.

ఈ మంగళవారం కొడుకు గణేష్‌బాబు ప్రయాణం. సాయంత్రం సామర్లకోటలో రైలెక్కి మిలిటరీ ట్రైనింగుకు పోతున్నాడు. సెలక్షన్లో వాణ్ణి రెండు పనులకీ పనికొస్తాడన్నారు: తుపాకీ పట్టే సిపాయిగా, లేదంటే పటాలంలో మంగలిగా. వాడు తుపాకీకే ఒప్పుకుని సంతకం పెట్టి వచ్చాడు. ఆ రోజునుంచి అప్పాజీ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ, అడిగినా అడక్కపోయినా, ఆ సంగతి చెబుతూనే ఉన్నాడు.

"మావాడు ఒకడి గడ్డం కింద చెయ్యి పెట్టక్కర్లేదండి. తుపాకీ అండి, తుపాకీ!"

గొంతు మీద కత్తి ఉండగా కాదనేవాడెవడు? అందరూ భేష్ అన్నారు.

కత్తి ఒరలో పెట్టి టీకని బయటికొచ్చాడు. ఎదురుగా చిట్టియ్య వస్తున్నాడు. రైసుమిల్లులో పని మానేసి ఇంటిపట్టునుంటున్న ముసలాయన. నిన్న పొద్దుగూకేటప్పటికి ఆయన మొహం వారం గడ్డంతో మాసి ఉంది. ఇప్పుడు నున్నగా ఉంది. దవడ కింద రెండు గాట్లు, వాటి మీద పేపరు ముక్కలు.

"ఏంటి బాబాయ్, ఎవరు గీశారు?"

"నేనేరా. నేనే గీసుకున్నాను."

టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీద ఒలకబోసుకునే మనిషి! టీ కొట్టు దగ్గరికెళ్తే, కొట్టు నడిపే అమ్మిరాజు గడ్డమూ నున్నగానే ఉంది. ఒక చెంప పైకి, ఒక చెంప కిందికి గీసి ఉంది.

"తమరికెవరండీ?" అన్నాడు అప్పాజీ.

అమ్మిరాజు పాలగిన్నెలోకి తొంగిచూశాడు. "పొంగిపోతోందయ్యా, ఉండు," అన్నాడు. పాలింకా వేడెక్కనే లేదు.

ఎవడో దొంగచాటుగా మంగళవారం కత్తి పట్టాడు. తన ఖాతాదార్లను లాగేసుకుంటున్నాడు. బస్టాండు రోడ్డులో అద్దాలు బిగించి కొత్తగా సెలూన్ పెట్టిన అచ్చిబాబు తప్ప ఇంకెవడు? అప్పాజీ అక్కడికి పోయి తాళం లాగి చూశాడు, గడ్డం నీళ్ళు పారబోసి చూరు కింద గుమ్మం తడిగా ఉందేమోనని వంగి చూశాడు. పక్క అరుగు మీద అచ్చిబాబు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడి గడ్డమూ మాసే ఉంది. అయినా నమ్మబుద్ధి కాలేదు. దారిపొడుగునా ఎవరు నవ్వినా తనను చూసే నవ్వుతున్నట్టనిపించింది.

ఇంటికొచ్చేసరికి భార్య మాణిక్యాంబ దండెం మీద తువ్వాలు ఆరేస్తోంది. దాని మీద సబ్బు వాసన, అంచున ఎర్రటి మరక.

"ఎక్కడిదిది?"

"కాళ్ళు తుడుచుకున్నది లెండి," అంది అటు తిరిగి. కిందటేడు కార్గిల్ యుద్ధం వచ్చినప్పట్నుంచి ఆవిడ వార్తలు పెడితే గదిలోంచి లేచిపోతుంది. కొడుకు ప్రయాణం రోజున మాత్రం కళ్ళలో చుక్క నీరు లేదు. అదేంటో అప్పాజీకి ఇప్పుడు గుచ్చుకుంది.

స్నానాల గది వెనక్కి నడిచాడు. గణేష్‌బాబు రాయి మీద కూర్చుని ప్యాంటు మోకాలిదాకా మడిచి, పిక్కకి నురగ పూసుకుని, పాత కత్తితో గీసుకుంటున్నాడు.

"ఏంట్రా ఇది?"

వాడు లేవలేదు. "మార్చేశాను నాన్నా. మొన్న విశాఖలో మిలిటరీ ఆఫీసుకి వెళ్ళింది అందుకే. బయల్దేరేలోపు అడిగితే మారుస్తామన్నారు. మంగలి పని రాయించుకున్నాను. వెళ్ళగానే గీయించి చూస్తారంట. రాకపోతే వెనక్కి పంపేస్తారంట."

"మీ అమ్మకి తెలుసా?"

"అమ్మే మార్చుకోమని అడిగింది. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు. నీకు చెబితే ఊరుకోవని... పొద్దున్నే చిట్టియ్య తాతకీ అమ్మిరాజుకీ ఇక్కడే గీసి నేర్చుకున్నాను. నీ సెలవురోజైతే ఎవరూ నీ కుర్చీ ఎక్కరు, నీ కంట పడదనుకున్నాను."

మంగళవారం నాడు నున్నటి గడ్డం ఊళ్ళో ఎంత దూరానికైనా కనబడుతుందని వాడికి తట్టలేదు. మంగలి ఇంట్లో పుట్టి ఆ పనివంక ఒక్కనాడూ చూడకపోతే అంతే మరి!

అప్పాజీకి కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇంతమందికి తెలిసింది, తనొక్కడికే తెలియలేదు. ఈ కత్తి తనతో ఆఖరవాలని ఎంత మొక్కుకున్నాడు! తిట్టబోయి వాడి పిక్క చూశాడు. ఆరు గాట్లున్నాయి.

"ఆ పట్టుకోవడమేంట్రా, వంకాయ కోస్తున్నట్టు? నడు."

సెలూన్ రెండో రెక్క కూడా తీసేశాడు. రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. సంఘం వాళ్ళు చూస్తే చూడనీ అనుకుని, తానెన్నడూ కూర్చోని ఆ కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

"గీయి."

కొడుకు వేళ్ళు చెంప మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి.

"చర్మం లాగి పట్టు. కత్తి పడుకోబెట్టు. నొక్కకు. గొంతు దగ్గర ఎదుటివాడు గుటకేసేదాకా ఆగాలి. తొందరపడ్డావో, అంతే."

ఎడమ చెంప అయ్యింది. ఒక్క గాటే పడింది. కుడివైపు నురగ పూస్తుండగా మాణిక్యాంబ సంచి పట్టుకుని పరుగున వచ్చింది. బస్సు వచ్చేసిందట. అప్పాజీ తువ్వాలుతో నురగ తుడిచేసుకుని సగం గడ్డంతోనే వాళ్ళ వెంట నడిచాడు.

బస్టాండులో చిట్టియ్య తల వంచుకుని నిలబడి ఉన్నాడు. "అయితే తుపాకీ పనికే వెళ్తున్నాడాండీ?" అని ఎవరో అడిగారు.

"కాదండి," అన్నాడు అప్పాజీ, అందరికీ వినబడేలా. "గడ్డాలు గీయడానికండి. నా పనేనండి."

గణేష్‌బాబు తండ్రి కాళ్ళకు దండం పెట్టి బస్సెక్కాడు. మాణిక్యాంబ అప్పుడు ఏడ్చింది. బస్సు రామచంద్రపురం రోడ్డెక్కి కనబడకుండా పోయేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

సెలూన్‌కి తిరిగొచ్చాక ఆవిడ, "ఆ రెండోవైపు గీసుకోండి, నీళ్ళు పెడతాను," అంది.

"ఉండనీవే. రేపు చూద్దాం."

కుర్చీ పక్క గూట్లో, కొడుకు కడగకుండా వదిలేసి వెళ్ళిన గిన్నెలో నురగ మెల్లగా కిందికి దిగుతోంది. అంచు చుట్టూ అప్పాజీ నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.